పోయేటోళ్ల మందు

నేను ఒక అడ్రినలిన్ ఆంప్యూల్‌ని. చిటికెన వేలంత గోధుమరంగు గాజు బుడ్డి, లోపల ఒక్క మిల్లీలీటరు మందు. అంతే నా ఆస్తి. ఫ్యాక్టరీలో మంట మీద నా మెడ మూసి, పదిమందిమి పట్టే అట్టపెట్టెలో పెట్టారు. జిల్లా మందుల గోదాంలో కొన్నాళ్లు పడుకుని, చివరికి రేగులపాడు ఆసుపత్రికి చేరాను.

అక్కడ ఫార్మసిస్టు వీరభద్రం మమ్మల్ని ఒక ట్రేలో సర్ది, దాని మీద ఎర్ర సిరాతో చీటీ అంటించాడు: ‘ఆఖరి మందు’. ఆయన చెడ్డవాడు కాదు. ఆయన చూసినప్పుడల్లా రోగుల గుండె ఆగిపోయాకే మా మందు ఎక్కించారు. వాళ్లలో ఒక్కరూ లేవలేదు. ఆలస్యం చేసింది మనుషులు, చెడ్డపేరు మాకు. ఆ పేరు ఆసుపత్రి గోడ దాటి ఊళ్లోకీ పాకింది. మాకు ముందు వచ్చిన పెట్టె గడువు తీరి చెత్తలోకి పోయింది. అప్పటిదాకా వారం వారం దాని దుమ్ము మాత్రం తుడిచారు. వాడకుండా దాచడమే జాగ్రత్త అనుకునే జాతి ఇది.

మే నెల. ఉపాధి పనిలో కాలువ పూడిక తీస్తుంటే తుమ్మకొమ్మ మీది తేనెపట్టు కదిలింది. ఈగలు కుట్టిన బాలమణిని ఆమె ఆడబిడ్డ నర్సవ్వ ఆటోలో తెచ్చింది. పెదవులు ఉబ్బాయి, ఒళ్లంతా దద్దుర్లు, ఊపిరి తీస్తే ఈల వేసినట్టు చప్పుడు. డాక్టరు మీటింగుకు పోయాడు. నర్సు ఫిలోమిన ఎవిల్ ఇచ్చింది.

"సూది ఏసిన, జర ఆగుండ్రి."

ఏం ఆగాలి? ఎవిల్ దురదకు, దద్దుర్లకు మంచిదే. మూసుకుపోయే గొంతును తెరవడం, పడిపోయే బీపీని లేపడం దానివల్ల కాదు. ఆ పని నాది. నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. నోరుంటే తిట్టేదాన్ని.

బీపీ చూసిన ఫిలోమిన ముఖం మారింది. 108కి ఫోన్ చేయమని ఆయాకు చెప్పి, ట్రే మీద చెయ్యి వేసింది. నర్సవ్వ ఆ చెయ్యి పట్టుకుంది.

"గా మందు వద్దు సిస్టరమ్మా. మా ఆయనకు గదే ఏసిండ్రు. రెండు నిమిషాలు గూడ లేడు."

"ఆయనను తెచ్చేసరికే ఊపిరి లేదు నర్సవ్వా."

"నాకు సదువొస్తది. ఆఖరి మందని గీడ రాసి ఉన్నది. పోయేటోళ్లకు ఇచ్చేది మా వదినెకు ఎట్ల ఇస్తవు?"

"పోయేదాక ఆపి ఇస్తే పోయేటోళ్ల మందే అయితది. చెయ్యి ఇడువు."

నర్సవ్వ విడవలేదు. మాట పెగలని బాలమణి తానే చెయ్యి చాపి, ఆడబిడ్డ వేళ్లను ఒక్కొక్కటిగా ఊడదీసింది.

నా మెడ టక్కున విరిగింది. నాలో సగం బాలమణి తొడ కండలోకి వెళ్లింది. కాళ్లు ఎత్తుగా పెట్టి, ఆక్సిజన్ తగిలించారు. ఐదు నిమిషాలు గడిచేసరికి ఈల తగ్గింది. ఇంకాసేపటికి బాలమణి గొంతు లేచింది.

"నర్సవ్వా, నా పార కాల్వలనే ఉన్నది. ఎవరన్న ఎత్కపోతరు, ఉరుకు."

"సచ్చి బతికినవు, పార గావాల్నా నీకు?" అని నర్సవ్వ ఏడుస్తూ తిట్టింది.

మళ్లీ తిరగబెట్టే ప్రమాదముందని అంబులెన్స్‌లో పెద్దాసుపత్రికి పంపారు. పగిలిన నన్ను గాజు వేసే నీలి డబ్బాలో పడేశారు. సాయంత్రం వీరభద్రం ట్రే చూసి అడిగాడు:

"ఒకటి తక్కువున్నది. ఎవరు పోయిండ్రమ్మా?"

"ఎవ్వరు పోలే సార్. పార కోసం కొట్లాడుకుంట అంబులెన్సుల పండుకున్నది."

ఆయన గోటితో చీటీని గీకడం మొదలుపెట్టాడు. జిగురు గట్టిది, సగమే ఊడింది. ‘ఆఖరి’ పోయింది. ‘మందు’ మిగిలింది.

నా తోబుట్టువులు తొమ్మిదిమంది ఇంకా ఆ ట్రేలోనే ఉన్నారు.