నీళ్ల కబురు

మధ్యాహ్నం గంట కొట్టేటప్పటికి ఏడో తరగతిలో ఆడపిల్లల బెంచీలు సగం ఖాళీగానే ఉన్నాయి. వచ్చినవాళ్ళలో ఇద్దరు బల్లకు తల ఆనించి నిద్రపోతున్నారు. పెర్పెతువా టీచరు వాళ్ళను లేపలేదు. కోడి కూయకముందే ఎండిన ఏటికి పోయి, చెలమ దగ్గర వంతు కాచి, బకెట్టు నెత్తిన పెట్టుకుని గట్టెక్కి వచ్చిన పిల్లలు వాళ్ళు. నిద్రపోతే పోయారు, బడిలోనే ఉన్నారు కదా అనుకుంది.

తనకూ నడుము లాగేస్తోంది. నిన్న జిల్లా పట్నానికి నిలబడే పోయి నిలబడే వచ్చింది బస్సులో. పిల్లలకు ప్రజల సమాచారం చదవటం నేర్పమని సెలవుల్లో టీచర్లకు శిక్షణ ఇచ్చారు. కంప్యూటరు మీద చూపించమన్నారు. బడికి కంప్యూటరు ఉంది. హెడ్మాస్టరుగారి బీరువాలో, దుప్పటి కప్పుకుని ఉంది. కరెంటు లేదు. అందుకని పెర్పెతువా పట్నంలో ఇంటర్నెట్టు షాపులో కూర్చుని, నీటిశాఖ వాళ్ళు అందరూ చూడటానికి పెట్టిన పట్టికలో తమ వార్డు కిందికి వచ్చే ఊళ్ళ వరకు ఎత్తి రాసుకొచ్చింది. మొక్కజొన్న పిండి సంచిని కోసి పరిచి, లోపలి తెల్లవైపు గళ్ళు గీసి, రంగు పెన్నుతో అంతా దింపి, గోడకు కట్టింది.

"ఇది ఎవరిదిరా?" అని అడిగింది.

"సర్కారుది."

"సర్కారుదైతే మన గోడ మీదికి ఎట్టా వచ్చింది?"

"మీరు ఎత్తుకొచ్చేశారు టీచరమ్మా," అన్నాడు వెనక బెంచీ లమెక్.

క్లాసంతా నవ్వింది. నిద్రపోతున్న పిల్ల ఒకతి లేచి, ఎందుకో తెలియకుండానే తనూ నవ్వింది.

"ఎత్తుకురానక్కర్లేదు నాయనా. ఇది అందరిదీ. మీ అమ్మ చూడొచ్చు, సైకిలు మీద నీళ్ళమ్మేవాడు చూడొచ్చు. చూసి, ఇది తప్పని చెప్పొచ్చు. అదే ఇవాళ్టి పాఠం. దమారీ, నువ్వొచ్చి చదువమ్మా."

దమారి లేచింది. పొడుగు పిల్ల. నెత్తిన చుట్టకుదురు పెట్టుకున్న చోట జుట్టు అణిగిపోయి ఉంది. లెక్కల్లో బడి మొత్తానికీ మొదటిది. ఈ ఏడు పరీక్ష గట్టెక్కితే పైబడిలో సీటు వస్తుంది. తండ్రి గనుల వైపు పోయాడు, ఫోను రావటం ఎప్పుడో ఆగిపోయింది. తల్లి రోదా నెల కింద చెలమ గట్టు జారి తుంటి విరగ్గొట్టుకుంది. అప్పటినుంచీ పొద్దుటి వంతూ సాయంత్రం వంతూ పిల్ల మీదే పడ్డాయి. సైకిలు వాడు తెచ్చే క్యాను ఐదు వందల షిల్లింగులు. రోజంతా వేరుశెనగ ఒలిచినా రోదాకు మూడు క్యాన్ల నీళ్ళు రావు. "ఎన్నాళ్ళు పంపను టీచరమ్మా దాన్ని?" అని ఆమె మొన్ననే అడిగింది. అడగటం కూడా కాదు, చెప్పటమే.

దమారి గడి మీద వేలు పెట్టి చదివింది. "ఊరు, ఇగుంగులి. చేతి పంపు, ఒకటి. స్థితి..." ఆగింది. వెనక్కి తిరిగి టీచరు మొహం చూసింది. "మంచిది అనుంది టీచరమ్మా."

"ఇంకో ఇగుంగులి ఎక్కడో ఉన్నట్టుంది," అన్నాడు లమెక్. "మనందరం ఆ ఊరికి పోదాం, మూటలు కట్టండి."

ఈసారి కూడా నవ్వారు. దమారి నవ్వలేదు. ఊళ్ళో ఉన్న ఒక్క పంపూ పిడి ఊడి, పోయినేటి వానలకు ముందు నుంచీ మేకలు ఒళ్ళు రుద్దుకోవటానికే పనికొస్తోంది.

"ఇట్టా రాసుంటే ఏమవుద్ది టీచరమ్మా?" అని అడిగింది దమారి.

"ఈ నెలాఖరుకి జిల్లావాళ్ళు బాగుచేసే పంపుల్ని ఎంచుతారు. ఈ పట్టిక చూసే ఎంచుతారు. పాడైంది అని ఉన్నవాటి దగ్గరికే మనుషులొస్తారు."

"మన దగ్గరికి రారు."

"ఇట్టాగే ఉంటే రారు."

దమారి వెళ్ళి కూర్చుంది. మిగతా ఊళ్ళ పేర్లు ఇంకెవరో చదివారు.

సాయంత్రం పిల్లల్ని వెంటబెట్టుకుని పెర్పెతువా పంపు కాపరి న్దహానీ ఇంటికి పోయింది. ముసలాయన వాకిట్లో నులక స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. పిల్లలు ఒక్కొక్కరే వంగి దణ్ణం పెట్టారు. ఆయన అందరి తలలూ ముట్టుకున్నాడు.

"కబురేంటి తాతా?" అని అక్కడి వాడుక ప్రకారం పలకరించారు.

"మంచిదే బిడ్డలారా, మంచిదే. అయితే ఈ మోకాళ్ళే రెండూ ఒకదానికొకటి మాట్లాడుకోవటం మానేసినాయి."

పట్టికలో ఉన్నది దమారి చెప్పింది. ముసలాయన మొహం ముడుచుకుపోయింది.

"ఎవర్రా చెప్పింది మంచిదని? దాని పిడి నా మంచం కింద ఉంది, నూనె గుడ్డ చుట్టి పెట్టుకున్నా. ఏ రోజైనా మనిషొస్తే తియ్యాలని. నేనట్టా చెప్తానా? నా నోట అబద్ధం వచ్చిందని ఈ ఊళ్ళో ఎవరన్నా అన్నారా?"

"అబద్ధమని కాదు పెద్దాయనా," అంది పెర్పెతువా. "ఎవరన్నా వచ్చి అడిగారేమో గుర్తు చేసుకోండి."

"ఒకడొచ్చాడు. పట్నం పిల్లాడు. మోటారు సైకిలు ఇంజను కూడా ఆపలా. చేతిలో ఫోను. దణ్ణం పెట్టాడు, కాదన్ను. 'పెద్దాయనా, నీళ్ల కబురేంటి?' అన్నాడు."

"మీరేమన్నారు?"

"మనుషులు ఏమంటారమ్మా? మంచిదే అన్నా."

పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"'అయితే' అందామని గొంతు సవరించుకునేలోపల వాడు ఫోను మీద వేలు పొడిచి, సంతోషం పెద్దాయనా, అని పోయాడు. దుమ్ము మిగిలింది." ముసలాయన గొంతు పెరిగింది. "మా అన్న పోయిన రోజున వచ్చినోళ్ళు కబురేంటి అంటే మంచిదే అన్నా. శవం ఇంట్లో ఉంది. ముందు మంచిదే అని, కూర్చోబెట్టి, అప్పుడు గదా చెప్పేది. గడప తొక్కకముందే చెడ్డ కబురు మొహాన కొడతామా, కుక్కల మాదిరి? ఆ మాత్రం తెలియనోడు ఊళ్ళు తిరగటమెందుకు?"

తెలియకేం, అనుకుంది పెర్పెతువా. ఆ పిల్లాడి తల్లి కూడా అట్టాగే అంటుంది. ఇంటికి పోతే వాడూ అట్టాగే అంటాడు. కానీ ఆ ఫోనులో ఉన్నవి రెండే గళ్ళు. మంచిది, పాడైంది. 'అయితే'కు గడి లేదు.

తిరిగి వస్తుంటే లమెక్ అన్నాడు, "టీచరమ్మా, మరి పక్క ఊళ్ళల్లో కూడా మంచిదే అనే అనుంటారు గదా."

ఎవరూ నవ్వలేదు.

ఆ శనివారం పిల్లలు జట్లుగా వార్డులో ఊళ్ళన్నీ తిరిగారు. ఎవర్నీ ఏమీ అడగొద్దని వాళ్ళలో వాళ్ళే కట్టడి పెట్టుకున్నారు. పంపు దగ్గరికి పోవటం, పిడి పట్టుకుని కొట్టటం, నీళ్ళు పడితే మంచిది, పడకపోతే పాడైంది. ఒక ఊళ్ళో ఒక ముసలమ్మ, "ఏంరా, మా పంపుని ఎందుకు కొడుతున్నారు, అదేం చేసింది మిమ్మల్ని?" అని కర్ర ఎత్తుకొచ్చింది. పాఠం అని చెప్తే, "మా కాలంలో పాఠాలు పుస్తకాల్లో ఉండేవి," అని గొణుక్కుంటూ ఆమే వచ్చి పిడి ఎట్టా పట్టాలో చూపించింది. ఆ పంపు పలకలేదు. ఆమె ఆ సంగతి ఎప్పుడో మరిచిపోయినట్టు కాసేపు అట్టాగే కొట్టింది.

సోమవారం సంచి మీద సర్కారు గళ్ళ పక్కన ఎర్ర సిరాతో ఇంకో వరస వచ్చింది. 'మేము చూసింది' అని దాని పేరు. రాసింది దమారి. సర్కారు వరసలో మంచివి అని ఉన్న పంపుల్లో సగం కూడా ఎర్ర వరసలో మంచివిగా లేవు.

పెర్పెతువా ఆ సంచి చుట్ట చుట్టుకుని వార్డు కార్యదర్శి యొరాము దగ్గరికి పోయింది. ఆయన మర్యాద తెలిసిన మనిషి. కుర్చీ వేయించాడు. సంచి అంతా ఓపిగ్గా చూశాడు.

"పంపు పాడైందని నాకు తెలీదా టీచరమ్మా? మా ఇంట్లో తాగేదీ ఆ ఏటి నీళ్ళే. పొద్దున టీలో ఇసక తగిలింది."

"అయితే అదే రాసి పంపండి."

"నేను రాస్తే, 'నెలనెలా నువ్వు పంపిన కాగితాల్లో మంచిదని ఎందుకుంది?' అంటారు పైవాళ్ళు. నేను పట్టిక చూసి పంపా."

"మీరు పంపింది చూసి గదా పట్టిక మారేది?"

"అవును."

"మీరు పట్టిక చూసి పంపుతారు."

"అవును."

యొరాము సంచి చుట్టి, ఆమె చేతిలో పెట్టాడు.

"పాఠం చెప్పుకోండమ్మా, ఎవరొద్దన్నారు? ఏది ఎక్కువ, ఏది తక్కువ, గీతలు గీయించండి. పంపుల జోలి మీకెందుకు? అడవుల్లో ఏనుగుల లెక్కుంది చూడండి, అది చెప్పించండి. పిల్లలకు సరదాగా ఉంటది. ఏనుగులేం గొడవ పడవు."

పెర్పెతువా లేచింది. వాకిలి దాటాక గాని గుర్తురాలేదు ఆమెకు, పొద్దుట్నుంచీ ఏమీ తినలేదని.

తప్పులుంటే చెప్పమని పట్టిక పెట్టినవాళ్ళు ఇచ్చిన నంబరుకు తన ఫోనులోంచి మెసేజి రాసి పంపింది. జవాబు వచ్చింది. సంతోషమన్నారు. మార్పు వార్డు నుంచి రావాలన్నారు.

ఆ వారంలోనే హెడ్మాస్టరు ఎలికానా ఆమెను పిలిచాడు. శిక్షణ ఇచ్చిన పెద్దలు గురువారం బడికి వస్తున్నారట. జిల్లా అధికారులూ వస్తారట. పాఠం చూస్తారట.

"వరండా పైకప్పుకు రేకులు అడుగుదామని నా ఆశ," అన్నాడు. "వానొస్తే రెండో తరగతి ఎక్కడ కూర్చుంటదో మీకు తెలుసు గదా. దమారి చేత చదివించండి, గొంతు గట్టిది. కానీ ఆ ఎర్ర సిరా కనపడకూడదు. వాళ్ళ పట్టిక వాళ్ళకు చదివి వినిపించండి, సంతోషపడి పోతారు. మిగతాది తర్వాత చూసుకుందాం."

"నెలాఖరు దాటాక చూసేదేముంది సార్?"

"టీచరమ్మా." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నేను మాత్రం ఏ నీళ్ళు తాగుతున్నా?"

గురువారం పొద్దున పెర్పెతువా వచ్చేసరికి ఎర్ర వరస మీద పాత క్యాలెండరు కాగితం అంటించి ఉంది. పిల్లలు ఉతికిన చొక్కాలు వేసుకుని కూర్చున్నారు. దమారి చోటు ఖాళీ.

"ఇక రాదంట టీచరమ్మా," అంది పక్క బెంచీ పిల్ల. "వాళ్ళమ్మ పుస్తకాలు తమ్ముడికి ఇచ్చేసింది. ఇందాక వస్తుంటే చూశా, ఏట్లో ఉంది. వంతు ఇంకా రాలా."

పెర్పెతువా కుర్చీలో కూర్చుంది. కోపం రాలేదు ఆమెకు. కోపం రావటానికి కూడా ఒంట్లో ఏదో ఉండాలి. కిటికీలోంచి బడి వాకిలి కనపడుతోంది. నాలుగో తరగతి పిల్లలు తెచ్చుకున్న నీళ్ళలోంచే దోసెడు దోసెడు చల్లి, దుమ్ము లేవకుండా ఊడుస్తున్నారు. రాబోయేవాళ్ళ బూట్ల కోసం.

కాసేపటికి లేచి, సంచి ముడులు విప్పింది. చుట్ట చుట్టి చంకలో పెట్టుకుంది.

"పదండి," అంది.

"ఎక్కడికి టీచరమ్మా?"

"క్లాసుకి."

ఏటి ఇసక అప్పటికే కాలుతోంది. చెలమ చుట్టూ ఆడవాళ్ళూ ఆడపిల్లలూ బకెట్లు వరసగా పెట్టుకుని కూర్చున్నారు. మనిషి లోతు గుంట. అడుగున ఒక పిల్ల సొరకాయ బుర్రతో ఊట తోడుతోంది. దమారి గట్టు మీద తన బకెట్టు పట్టుకుని ఉంది. టీచరునూ క్లాసునూ చూసి సిగ్గుపడి తల దించుకుంది.

"ఏంటి టీచరమ్మా, మీకూ నీళ్ళయిపోయాయా?" అంది ఒకావిడ. "వంతులో కూర్చోండి. చదువుకున్నోళ్ళకి ముందు లేదు."

"కూర్చుంటానమ్మా."

సంచి ఇసక మీద పరిచి, నాలుగు మూలలా బకెట్లు పెట్టించింది. క్యాలెండరు కాగితం గోటితో గీరితే కొంత వచ్చింది, కొంత రాలేదు. లమెక్ ఉమ్మి తడిపి తీశాడు. పిల్లలు చుట్టూ కూర్చున్నారు. ఆడవాళ్ళు కూడా మెడలు చాచారు.

బడివైపు నుంచి కారు చప్పుడు వినిపించింది. తర్వాత ఇంకోటి. కొంతసేపటికి హెడ్మాస్టరు పరుగు లాంటి నడకతో గట్టు మీదికి వచ్చాడు. చొక్కా తడిసిపోయి ఉంది.

"టీచరమ్మా! వచ్చేశారు. క్లాసులో ఎవరూ లేరు. నా పరువేం కాను? పిల్లల్ని తీసుకురండి."

"తేలేను సార్."

"ఏంటి?"

"నా క్లాసులో పిల్ల ఒకతి ఇక్కడుంది. ఆమె వంతు వదిలి రాలేదు. క్లాసు ఇక్కడే జరుగుద్ది."

"ఎక్కడికి బదిలీ చేస్తారో తెలుసా నిన్ను?"

"తెలుసు సార్."

ఆయన ఇంకా ఏదో అనబోయాడు. వెనకాల కార్లలోంచి దిగినవాళ్ళు గట్టు దాకా వచ్చేశారు. వాళ్ళలో పట్నపు చెప్పులు వేసుకున్న ఒకావిడ అంచున నిలబడి, దిగే దారి కోసం ఇటూ అటూ చూస్తోంది. ఎవరూ లేచి దారి చూపించలేదు. దారి అంటూ లేదు, జారటమే.

"ఇగుంగులి," అంది పెర్పెతువా. "ఎవరు చదువుతారు?"

చెలమలో పిల్ల పైకెక్కింది. ఇప్పుడు వంతు దమారిది. ఆమె బుర్ర అందుకుని గుంటలోకి దిగింది. మోకాళ్ళ మీద కూర్చుని, ఊట చేరేదాకా ఆగి, బురద కదలకుండా మెల్లగా ముంచింది. పైన అంత మంది నిలబడి తనవైపే చూస్తున్నారని తెలుసు ఆమెకు. తలెత్తలేదు. అక్కణ్ణించే, చూడకుండానే, ఎర్ర వరసలో తను రాసినదాన్ని గట్టిగా చదవటం మొదలుపెట్టింది.