గరిట పట్టిన ఫోటో

ఆయన బతుకులో ఒక్కసారే గరిట పట్టాడు. ఫోటో దిగింది కూడా సరిగ్గా అప్పుడే.

ఆ ఫోటోని ఇప్పుడు పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి తెచ్చింది కూతురు. ఆయన పోయి ఏడాదైందని ఇంటినిండా జనం. పొయ్యి ముందు గరిటతో నవ్వుతున్న ఆయన్ని చేతులు మార్చుకుంటూ చూస్తున్నారు. ఆయన భార్య వంటింట్లో వాళ్లందరికీ కూర కలుపుతూ వింటోంది.

"పొద్దస్తమానం షెడ్డులో ఇంజన్ల కింద పడుకుని, ఇంటికొచ్చి వంట కూడానా! మా మేస్త్రి మనిషి కాదండీ, దేవుడు," అన్నాడు ఆయన దగ్గర పనిచేసిన మెకానిక్.

"మా తమ్ముడికి విసుగంటే తెలీదు," ఆడపడుచు కళ్లొత్తుకుంది. "అంతా మా మరదలు చేసుకున్న అదృష్టం."

కష్టపడ్డాడు. కాదని ఆమె ఏనాడూ అనలేదు. ఎవరి బండి ఆగిపోయినా తింటున్న కంచం వదిలేసి లేచి వెళ్లేవాడు. ఆ కంచం మీద మూతపెట్టి, తిరిగొచ్చాక మళ్లీ వేడి చేసి, గ్రీజు బట్టలు బాది బాది ఉతికి, గోళ్లలో నలుపు దిగిన చేతులతోనే మర్నాటి క్యారేజీ కట్టిందెవరు? షెడ్డులో వాళ్లకీ కలిపే కట్టేది. "మా ఇంటి భోజనం, తినండ్రా," అని ఆయన పంచేవాడు. ఇంట్లో మాత్రం, "నీడపట్టున కూర్చుని తినేదానివి, నీకేం తెలుసే కష్టం" అనేవాడు. "వాడి రెక్కలే కదా నీ కూడు," అని అత్తగారు వంత పాడేది. ఫోటో దిగిన ఆ రోజు ఆమె కూరలో ఉప్పు మరిచిపోయింది. ఆయన లేచొచ్చి, ఉడుకుతున్న కూరలోంచి గరిట తీసి ఆమె మణికట్టు మీద ఆనించాడు. "ఇక గుర్తుంటుందిలే," అన్నాడు, గొంతైనా పెంచకుండా. అప్పుడే కొత్త కెమెరాతో వచ్చాడు మరిది. "అన్నయ్యా, ఇటు చూడు!" చూశాడు. నవ్వాడు.

కూతురు ఫ్రేముతో వంటింట్లోకొచ్చింది. "పక్కన నువ్వు ఓ చేత్తో ఇంకో చెయ్యి పట్టుకుని ఊరికే నిలబడ్డావమ్మా. బాగాలేదని కోయించేశాను. దీన్ని పొయ్యి పైన పెడదాం. మా ఆయన చూసి సిగ్గు తెచ్చుకోవాలి!"

వెనకే సుత్తీ మేకూ పట్టుకుని మరిది. ఆమె మణికట్టు మీది మచ్చని అతని ముందు పెట్టింది.

"నువ్వు చూశావుగా. చెప్పు దీనికి."

"ఏంటి బాబాయ్?"

అతను చూపు మేకు మీదికి దించాడు. "పోయినవాడి గురించి ఇప్పుడెందుకు వదినా," అని గొణిగి, కూతురివైపు తిరిగాడు. "మీ నాన్న చేతివంట ఒకసారి తిన్నవాడు మరిచిపోడమ్మా."

మేకు దిగింది. ఫ్రేము ఎక్కింది.

"వడ్డన ఎప్పుడే మరదలా? ఆకలికి పిల్లలు గోల," ముందు గదిలోంచి ఆడపడుచు కేక.

ఆమె పొయ్యి ఆర్పేసింది. గరిట కడిగి, తుడిచి, ఆ మేకుకే తగిలించింది.

"వంట ఆయనదేనటగా. ఆయన్నే వడ్డించమనండి."

చెప్పులు వేసుకుని గుమ్మం దిగుతుంటే కూతురు చెయ్యి పట్టుకుంది. పట్టుకున్నది ఆ మచ్చ మీదే. "ఏమైందో చెప్పమ్మా!"

"చెప్పాల్సినవాడు చెప్పాడుగా. ఇక ఆ మాట నా నోట రాదు."

రాలేదు.