మూడు వేళ్ళ నీళ్ళు

"వాల్వు కట్టావా?"

మా ఇంట్లో తెల్లారేది ఈ మాటతోనే. లేచావా అని కాదు, ఒంట్లో ఎలా ఉందని కాదు. పళ్ళు తోముకుంటూ, నురగ నోట్లోనే పెట్టుకుని, కిటికీలోంచి అరుస్తాడు మా ఆయన. నేనప్పటికే పెరట్లో స్విమ్మింగ్ పూల్ గట్టు మీద ఉంటాను, వల కట్టిన పొడుగాటి కర్ర పట్టుకుని. రాలిన ఆకులు, చచ్చిన పురుగులు, ఎక్కణ్నుంచో ఎగిరొచ్చిన చాక్లెట్ కాగితం, అన్నీ ఏరాలి. తర్వాత గోడలకి బ్రష్షు. చిన్న సీసాలో నీళ్ళు పట్టి, రెండు చుక్కల మందేసి రంగు చూడాలి, ఆ రంగుని బట్టి క్లోరిన్ వెయ్యాలి. ఎంత సబ్బు పెట్టి కడుక్కున్నా ఆ వాసన వేళ్ళని వదలదు, ఏం తిన్నా క్లోరిన్ తిన్నట్టే ఉంటుంది. వారానికోసారి ఫిల్టర్ కడగాలి. అప్పుడు ఒక వాల్వు తిప్పితే మురికినీళ్ళు కాలవలోకి పోతాయి. కడగడం అయ్యాక దాన్ని మళ్ళీ కట్టెయ్యాలి, మర్చిపోతే పూల్ నీళ్ళు ఊరికే పోతూ ఉంటాయి. వారానికోసారి తిప్పే ఆ వాల్వు గురించే ఆయన రోజూ అడిగేది.

ఎందుకంటే నాలుగు నెలలుగా పూల్లో నీళ్ళు రోజుకి మూడు వేళ్ళు దిగుతున్నాయి. ఇంట్లో ఏది తగ్గినా ఎవరో ఒకరు మర్చిపోయి ఉండాలి కదా. ఆ ఒకరు ఎవరో వేరే చెప్పాలా?

మా ఆయన వృత్తి పూల్స్ కట్టడం. ఇళ్ళల్లో కడతాడు, హోటళ్ళలో కడతాడు. మా పెరట్లోది ఆయన మొదటి పూల్, ఆయన షోరూమ్. కట్టించుకోవాలనుకునే వాళ్ళెవరొచ్చినా ముందు ఇక్కడికే తీసుకొస్తాడు. "పన్నెండేళ్ళయింది సార్, ఒక్క చుక్క కారలేదు" అంటాడు. వాళ్ళు వంగి చూస్తారు. నీళ్ళు అద్దంలా ఉంటాయి. ఆ అద్దం తుడిచిన మనిషి వెనకాల టీ కప్పుల పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంటుంది. "మా ఆవిడ. ఇంట్లోనే కదా, కాలక్షేపానికి పూల్ చూసుకుంటూ ఉంటుంది" అని పరిచయం చేస్తాడు.

ఇంట్లోనే ఏంటి నా మొహం! తొమ్మిదింటికల్లా నేను ఉద్యోగంలో ఉండాలి. టీకా మందులు దాచే చల్లగది నా చేతికింద ఉంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి థర్మామీటర్ చూసి పుస్తకంలో రాయాలి. రెండు డిగ్రీలకీ ఎనిమిదికీ మధ్య ఉంటే అది మందు, దాటితే చెత్త. పుస్తకం కింద సంతకం మా పై ఆఫీసరుది, కళ్ళు మాత్రం నావి. తొమ్మిదేళ్ళలో ఒక్క అంకె తప్పు పడలేదు. పసిపిల్లల ఒంట్లోకి ఎక్కే మందుకి నా మాట చాలు. పెరట్లో వాల్వుకి మాత్రం చాలదు.

నిజం చెప్పాలంటే మొదట్లో ఆయన మాటే నమ్మాను. ఆఫీసులో కూర్చుని ఉండగా ఉన్నట్టుండి సందేహం వచ్చేది, కట్టానా లేదా అని. ఒకరోజు సగం దారిలో బస్సు దిగి వెనక్కి పరుగెత్తుకొచ్చి చూశాను. కట్టే ఉంది. వారం తిరక్కుండానే మళ్ళీ దిగాను. మళ్ళీ కట్టే ఉంది. తర్వాత రోజూ ఫోనులో ఫొటో తీసుకోవడం మొదలుపెట్టాను. జనం పిల్లల ఫొటోలు దాచుకుంటారు, నా ఫోనులో నలభై వాల్వులు. అవన్నీ చూపిస్తే ఆయన ఏమన్నాడు? "ఇవి ఎప్పటివో ఎవడికి తెలుసు?" అనుమానం నాకు ఆయన మీద మొదలవలేదు, నా మీద నాకే మొదలైంది. ఆడదాని చేత ముందు చేయించే పని అదే. తన కళ్ళని తనే నమ్మకుండా చేస్తే చాలు, మిగతా చాకిరీ అంతా అదే చేసుకుపోతుంది.

"కారుతోందేమో ఒకసారి చూడండి" అన్నాను ఒకరోజు.

"నేను కట్టింది కారుతుందా? ఎండకి ఆవిరైపోతాయి నీళ్ళు. చదువుకున్నావు, ఆ మాత్రం తెలీదా?"

"మరి ఇన్నాళ్ళూ వాల్వు అన్నారు?"

"అదీ ఉంటుంది. నీ సంగతి నాకు తెలీదా?"

సోమవారం ఆవిరి, మంగళవారం వాల్వు. ఎండ తప్పైనా పరవాలేదు, పెళ్ళాం తప్పైనా పరవాలేదు. తనది మాత్రం కాకూడదు. సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా, గొట్టం పెట్టి ఆ మూడు వేళ్ళూ నింపేదాన్ని.

బకెట్ సంగతి నాకు తెలిసింది కూడా ఆయన నోటినుంచే. నాకు చెప్పలేదు లెండి. ఫోనులో ఎవరికో చెబుతుంటే విన్నాను. "ఏం లేదు సార్, పూల్ మెట్టు మీద ఒక బకెట్ పెట్టండి. పూల్లో ఎంత ఎత్తుందో బకెట్లోనూ అంతే నీళ్ళు పొయ్యండి. గీత గీసి రేపు చూడండి. రెండూ ఒకేలా దిగితే ఆవిరి. పూల్ ఎక్కువ దిగితే కారుతున్నట్టు." ఊళ్ళోవాళ్ళందరికీ ఊరికే చెప్పే ఈ సలహా ఆయన సొంత పెరట్లో ఎందుకు పనికిరాలేదో నాకు అర్థం కాలేదు.

సరే, పెట్టాను. దొంగతనంగా కాదు, భోజనాల దగ్గర అందరికీ చెప్పే పెట్టాను. అందరూ అంటే ఆయనా, మా అత్తయ్యా. ఆయన నవ్వాడు. "పెట్టుకో, నీ అనుమానం తీరుతుంది." అత్తయ్య తల ఎత్తలేదు.

మర్నాడు సాయంత్రం చూస్తే పూల్ మూడు వేళ్ళు దిగింది. బకెట్టూ మూడు వేళ్ళు దిగింది. గీతకి గీత సరిగ్గా సరిపోయింది.

"చూశావా? ఆవిరి!" ఆయన చప్పట్లు కొట్టాడు. "ఇంక ఆ మాట ఎత్తకు. అనుమానం పట్టిన మనిషికి మందు లేదు."

నేనూ తల ఊపేదాన్నే. కానీ అప్పుడే తీగ మీద బట్టలు తీస్తున్నాను. మబ్బు పట్టిన రోజు, ఎండ మొహం చూపించలేదు. పొద్దున ఆరేసిన తువ్వాలు ఇంకా చెమ్మగానే ఉంది. చేతిలో తువ్వాలుతో అలాగే నిలబడిపోయాను. ఒక తువ్వాలు ఆరని రోజున బకెట్లో మూడు వేళ్ళ నీళ్ళు ఎలా ఆవిరయ్యాయి? సైన్సట సైన్సు! బట్టలారేసేవాళ్ళని అడిగితే చెబుతారు ఎండ ఎంతుందో, గాలి ఎంతుందో.

ఈసారి ఎవరికీ చెప్పలేదు. బకెట్ని మెట్టు మీద అలాగే ఉంచి, పంపు గది వెనక ఒక స్టీలు గిన్నె నిండా నీళ్ళు పెట్టాను. పక్క రోజు బకెట్ మళ్ళీ మూడు వేళ్ళు దిగింది. గిన్నెలో అర వేలు.

అంటే ఎవరో బకెట్లో నీళ్ళు తోడేస్తున్నారు. ఇంట్లో ఉన్నది ముగ్గురం. అందులో ఒకదాన్ని నేను. ఆ రెండు రోజులూ నేను తిన్న తిండి నాకు తెలీదు. చెంబు ఎక్కడుందో చూడటం, తడి అడుగులు లెక్కపెట్టడం, ఆయన దగ్గితే ఎందుకు దగ్గాడా అనుకోవడం. ఒక మనిషితో పదిహేనేళ్ళు ఒకే గదిలో పడుకుని, ఆ మనిషి బకెట్లో నీళ్ళు ఒలకబోస్తాడా లేదా అని ఆలోచించాల్సి రావడం ఎంత చిన్నతనంగా ఉంటుందో మీకు చెప్పలేను.

మూడోరోజు అత్తయ్య మోకాళ్ళకి మందు రాస్తుంటే ఆవిడే బయటపడింది.

"ఇంక ఆ బకెట్ తీసెయ్యవే తల్లీ. నా వల్ల కాదు. ఆ మెట్టు దాకా వంగి రెండు చెంబులు తీసేసరికి మోకాళ్ళు విరిగిపోతున్నాయి."

"మీరా అత్తయ్యా?"

"వాడు తియ్యమన్నాడు. నువ్వు ఊరికే బెంగ పెట్టుకుంటున్నావట, నీ మంచికేనట."

"నా మంచికా?"

ఆవిడ చీర మోకాళ్ళ మీదికి లాక్కుంది. "మీ మామగారు కూడా అంతే. ఆయన ఏం పారేసుకున్నా నేను పారేసినట్టే. తాళాలు, కళ్ళజోడు, గొడుగు. ఆయన పోయాక ఇంట్లో ఒక్క వస్తువు పోతే ఒట్టు. అప్పుడు తెలిసింది నాకు. తెలిసి ఏం లాభం, డెబ్బై ఏళ్ళొచ్చాక?"

నేను మందు సీసా మూత బిగించాను. కోపం రావాలి ఆవిడ మీద. రాలేదు.

మర్నాడు బస్టాపులో దర్జీ అక్క కలిసింది. మా ఇల్లు ఏటవాలు మీద ఉంటుంది, మా పెరటి కిందనే అక్క ఇల్లు, కుట్టు మిషన్లు ఉన్న గది మా గోడని ఆనుకునే ఉంటుంది. నన్ను చూసి జాలిగా చెయ్యి పట్టుకుంది.

"ఒంట్లో ఎలా ఉందమ్మా ఇప్పుడు?"

"నాకేమైంది అక్కా?"

"దాచుకోకమ్మా. మీ ఆయన చెప్పాడులే, మతిమరుపు జబ్బనీ, డాక్టరుకి చూపిస్తున్నాడనీ. నాలుగు నెలలుగా మా గోడంతా ఉబ్బిపోయింది, కుట్టడానికిచ్చిన బట్టలకి బూజు పట్టింది. మొదట్లోనే వచ్చి గొడవ పడదామనుకున్నా. కానీ నువ్వు వాల్వు తెరిచి మర్చిపోతున్నావని మీ ఆయన అప్పుడే చెప్పేసరికి నోరు రాలేదు. జబ్బు మనిషితో ఏం గొడవ?"

నాలుగు నెలలు. అంటే మొదటి రోజునుంచీ ఆయనకి తెలుసు. గోడ ఎందుకు తడిసిందో తెలుసు, పూల్ కారుతోందని తెలుసు. షోరూమ్ కారుతోందంటే ఎవరు కట్టించుకుంటారు? అందుకని ఆ పగులు తీసుకొచ్చి నా తలలో పెట్టాడు.

ఆ సాయంత్రమే కాగితం తెచ్చాడు. ఇల్లు నా పేరున ఉంది కాబట్టి సంతకం నాదే కావాలి. "నా మతిమరుపు వలన వాల్వు తెరిచి ఉండి, నీరు పారి పొరుగింటి గోడ తడిసినది. పూల్ నిర్మాణంలో ఎటువంటి లోపమూ లేదు."

"ఏం లేదు, ఆ దర్జీ ఆవిడ గోడకి రంగు వేయించేస్తాం, రేపు గొడవ రాకుండా ఉంటుంది" అన్నాడు. "ఒక్క సంతకం."

మతిమరుపుందని నా చేత్తో నేనే రాసిచ్చాక ఆ చల్లగదిలో నా అంకెని ఎవరు నమ్ముతారు? పై ఆఫీసరు చెవిన పడితే పుస్తకం లాక్కుని ఇంకొకరికి ఇస్తాడు. ఇవ్వాలి కూడా, తప్పు ఆఫీసరుది కాదు. మొగుడితో పడని ఆడది బతకగలదు, మాటకి విలువ పోయిన ఆడది ఎక్కడికెళ్ళి నిలబడుతుంది?

అరుద్దామనుకున్నాను. అరిస్తే ఏమవుతుందో తెలుసు. అనుమానం మనిషి, పైగా మతిమరుపు, ఇప్పుడు పిచ్చి అరుపులు. మూడూ కలిపి డాక్టరు చీటీలో సరిగ్గా సరిపోతాయి.

"వచ్చే ఆదివారం చూద్దాం" అన్నాను.

"సరే, ఆదివారం ఎలాగూ పూల్ చూడ్డానికి మనుషులొస్తున్నారు. నేను సోమవారం సైటుకి పోయి, మళ్ళీ ఆదివారం పొద్దుటికి వాళ్ళతోనే దిగుతా. పూల్ తళతళలాడాలి, ఏం?"

ఆయన సోమవారం బ్యాగు సర్దుకుని వెళ్ళాడు. నేను సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి అలవాటుగా గొట్టం చేతిలోకి తీసుకున్నాను. అప్పుడు వెలిగింది. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ చెబుతాను. ఆ పూల్ కారుతోందని ఇన్నాళ్ళూ దాచింది ఆయన కాదు, నేను. రోజూ మూడు వేళ్ళు నింపి, ఆయన అబద్ధం తడి ఆరకుండా కాపాడింది నేను. నా చాకిరీ లేకపోతే ఆ అబద్ధం నాలుగు రోజులు కూడా నిలబడేది కాదు.

గొట్టం కింద పడేశాను. పంపు ఆపేశాను. వల కర్ర గోడకి ఆనించాను. చెప్పులు విప్పి, లోపలికెళ్ళి, కాళ్ళు చాపుకుని టీ తాగాను. ఎంత బాగుందో ఆ టీ.

తర్వాత నేను చేసిన పనల్లా రోజూ సాయంత్రం నీళ్ళు ఎంత వరకు ఉన్నాయో పూల్ గోడ మీద ఒక గీత గీయడం. నీళ్ళు కొద్దికొద్దిగా పచ్చబడ్డాయి. ఆకులు పడ్డవి పడ్డట్టే ఉన్నాయి. అత్తయ్య కిటికీలోంచి చూసేది, మళ్ళీ తన పనిలో పడేది. గురువారం ఆయన ఫోను చేశాడు. నేను ఎత్తలేదని అత్తయ్యకి చేశాడు. పక్క గదిలోంచి విన్నాను.

"పూల్ నిండుగా ఉందా అంటే నాకేం తెలుసు నాయనా? నా కళ్ళు సరిగా కనపడవు కదా."

ఫోను పెట్టేసి, కూర్చున్న చోటునుంచే సూదిలో దారం ఎక్కించుకుంది.

ఆదివారం పదింటికి కారు దిగారు. మా ఆయన, ఒక పెద్దమనిషి, ఆయన భార్య. నవ్వుతూ పెరట్లోకి వచ్చినవాడు వచ్చినట్టే ఆగిపోయాడు మా ఆయన. పూల్ జానెడు కిందికి దిగి ఉంది. గోడ మీద నా గీతలు మెట్లలా కనిపిస్తున్నాయి. గట్టు మీద దర్జీ అక్క మెడలో టేపుతో కూర్చుని ఉంది, నేనే రమ్మన్నాను. సంతకం లేని కాగితం ఆమె ఒళ్ళో ఉంది.

"నీళ్ళేవండీ?" అన్నాడు పెద్దమనిషి.

మా ఆయన గబగబా నవ్వు తెచ్చుకున్నాడు. "మా ఆవిడకి కాస్త మతిమరుపు సార్. వాల్వు తిప్పి వదిలేసి ఉంటుంది." నా వైపు చూశాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు. తప్పు నెత్తిన వేసుకో, తర్వాత మాట్లాడుకుందాం అనే చూపు.

ఆ భార్య నా దగ్గరికొచ్చింది. "అయ్యో, ఇంత పెద్ద పూల్ మీరొక్కరే చూసుకుంటారా?"

"చూసుకునేదాన్నండీ. సోమవారం మానేశాను. అందుకే మీకు అసలు పూల్ కనిపిస్తోంది."

"ఏమోయ్!" అన్నాడు మా ఆయన.

నేను ఆవిడతోనే మాట్లాడాను. ఏ కాగితమూ చూడలేదు, ఏ ఫొటోలూ చూపించలేదు.

"సోమవారం మూడు వేళ్ళు దిగింది. మంగళవారం మూడు. బుధవారం మూడు, గురువారం మూడు. శుక్రవారం ఒక్క వేలు దిగి, అదిగో, పూల్ గోడలో ఆ లైటు పక్కన పగులు కనిపిస్తోంది చూడండి, అక్కడికొచ్చి ఆగింది. నిన్న అర వేలు. ఆవిరంటే అంతే."