బల్లకోడు కింద ఇంగ్లీషు

నేను ఒక పుస్తకాన్ని. ‘అకౌంటెంట్లకు ఆఫీసు ఇంగ్లీషు’ అని నా పేరు. నన్ను రాసిన పెద్దమనిషి జన్మలో ఒక్క ఓచరు రాసి ఎరగడు. కొనేవాళ్లకు ఆ సంగతి అక్కర్లేదు.

అనకాపల్లి బస్టాండులో నన్ను జగ్గారావు కొన్నాడు. అతను బెల్లం దుకాణంలో గుమస్తా. ఆ దుకాణం ఎత్తేస్తున్నారు. రొయ్యల కంపెనీలో అకౌంటెంటు ఉద్యోగం రాకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు. అందుకని నన్ను వల్లె వేశాడు. పళ్లు తోముకుంటూ “ఐ పోస్ట్ ది సేల్స్ ఇన్‌వాయిసెస్”, అన్నం కలుపుకుంటూ “ఐ రికన్సైల్ ది బ్యాంక్ స్టేట్‌మెంట్”. బ్యాంకు లెక్కకూ దుకాణం లెక్కకూ పొంతన చూడటం రోజూ చేసేదే. ఆ పనికే ఇంగ్లీషులో ఈ పేరని మాత్రం తెలుసుకోలేదు. చిలక నయం, జామకాయంటే ఏమిటో దానికి తెలుసు.

ఇంటర్వ్యూకి వచ్చినవాళ్లందరినీ మేనేజరు గదిలోనే వరసగా కూర్చోబెట్టారు. నేను జగ్గారావు సంచిలోంచి తొంగిచూశాను. బల్ల కింద మేనేజరు ఒళ్లో నా తోడబుట్టిన పుస్తకం, అచ్చం నాలాంటిదే ఇంకో ప్రతి! సిగ్గుతో చచ్చిపోయాను.

మొదట నీలవేణి అనే అమ్మాయి తను చేసే పనిని తన మాటల్లో, చక్కని ఇంగ్లీషులో చెప్పింది. మేనేజరు తలవంచుకుని పేజీలు తిప్పాడు, తిప్పాడు. ఆమె చెప్పిన మాటలు అందులో దొరకలేదు.

“ఏటమ్మా, ఎక్కడా లేనిది చెప్తన్నావు? తప్పు. ఇంక వెళ్లు.”

“తప్పేటి సార్? రోజూ నాను చేసే పనే చెప్పాను కదా!”

ఆమె కళ్లనీళ్లు కుక్కుకుంటూ వెళ్లిపోయింది. తరవాత జగ్గారావు లేచాడు. కంగారులో “లెసన్ త్రీ, పేజ్ ట్వెల్వ్” అని మొదలుపెట్టి, పేజీ నంబరుతో సహా అప్పజెప్పేశాడు. మేనేజరు ముఖం వెలిగిపోయింది. వెతుక్కునే పని తప్పింది మరి. ఉద్యోగం అక్కడికక్కడే ఇచ్చేశాడు.

ఆ ఆఫీసులో ఆ తరవాత ఎవరూ ఇంగ్లీషు ముక్క మాట్లాడలేదు. జగ్గారావు బల్ల ఊగుతోందని నన్ను దాని కోడు కింద పెట్టారు.

ఏళ్లు గడిచాయి. జగ్గారావు మేనేజరయ్యాడు. మొన్న కొత్త అకౌంటెంటు కోసం ఇంటర్వ్యూలు పెట్టి, నన్ను బయటికి లాగి, దుమ్ము దులిపి ఒళ్లో పెట్టుకున్నాడు. ఎదురుగా ఉన్న అమ్మాయి తన పని గురించి తన మాటల్లో చెప్పడం మొదలుపెట్టింది. జగ్గారావు వేలు నా మీద దారి తప్పి తిరిగింది. బతుకులో ఒక్కసారైనా తల ఎత్తి ఆ పిల్ల చెప్పేది వింటాడేమోనని చూశాను.

“ఏటమ్మా, ఎక్కడా లేనిది చెప్తన్నావు?” అన్నాడు.

సాయంత్రం నన్ను మళ్లీ బల్లకోడు కింద దోపారు. నాకు ఇక్కడే బాగుంది. ఈ బల్లకైనా పనికొస్తున్నాను.