మరకల్లేని కాగితం

"టీ వడపోసే జాలితో పురుగులు వడపోస్తే ఇక ఈ ఇంట్లో టీ గొంతు దిగుతుందటే?" ఈమధ్యే కోడలు కొనిచ్చిన కొత్త కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చుకుని, జాలిని వెలుతురుకి ఎత్తి పట్టుకుంది అత్తగారు.

"రెండుసార్లు సబ్బుతో తోమాను అత్తయ్యా."

"తోమితే పోయే కంపా ఇది? అంత పెద్ద అడవి కాపాడే ఆఫీసుకి ఒక్క జాలి కొనిచ్చే దిక్కు లేదూ?"

"రేపు కొత్తది తెస్తాను."

"పోయినేడూ రేపే అన్నావు." అత్తగారు జాలిని మళ్లీ వాసన చూసింది. "అయినా మొన్నటి మూడు శుక్రవారాలూ కంపు లేదే? ఎలా పట్టుకెళ్లావో అలాగే తెచ్చావు. ఇవాళేం ముంచుకొచ్చింది?"

కోడలు జాలి అందుకుని మళ్లీ తోమడానికి కూర్చుంది. పొద్దున్నించి కొండెక్కి దిగి అప్పుడే ఇల్లు చేరింది. ముసలమ్మ ఊరికే అన్న ఆ మాట సూదిలా దిగింది.

ఆమెది సీజను పని. ఎండలు ముదిరినప్పటినుంచి వానలు తగ్గేదాకా, పరాయి దేశపు చెక్కపెట్టెల్లో వచ్చి చెట్లని తొలిచి చంపే బెరడు పురుగు ఎక్కడిదాకా పాకిందో చూడాలి. పై కొండమీద పన్నెండు బోన్లు. నల్లటి గరాటాలు ఒకదాని కింద ఒకటి, అడుగున మందునీళ్ల గిన్నె. ప్రతి శుక్రవారం ఆ నీళ్లు జాలితో వడపోసి, పడ్డ పురుగుల్ని లెక్కపెట్టి, కాగితం మీద అంకె వేయాలి. ఏ అంకైనా రెండుసార్లు లెక్కపెట్టందే వేయదని తోటివాళ్లు ఆమెకి లెక్కలక్క అని పేరు పెట్టారు.

ఈ ఏడు సగంలో జీపు తీసేశారు. నడిచి ఎక్కితే పొద్దు పొడవకముందు బయల్దేరి దీపాలు పెట్టే వేళకి ఇల్లు చేరాలి. అయినా ఒక్క పూట కూలే. అప్పుడే సూపర్‌వైజరు దారి చూపించాడు. "ఎప్పుడూ సున్నాయే కదక్కా. కింద షెడ్డులో కూర్చుని సున్నాలు వేసెయ్. కలప డిపోలో బెరడు ఒలిచే పనుంది, చెప్తాను. ఒకే రోజు, రెండు చోట్ల కూలి."

మూడు శుక్రవారాలు ఆమె సున్నాలు వేసింది. ఇంట్లోవాళ్లు కొండెక్కుతోందని నమ్మాలని సంచిలో జాలి మాత్రం మరిచిపోకుండా పెట్టుకెళ్లింది.

పోయిన సోమవారం మీటింగులో ఈ లెక్కలన్నీ చూసే ఆఫీసరు, పురుగుల మేడమ్, కోడలి కాగితాలనే పైకెత్తి చూపించింది. "ఇలా ఉండాలి. ఒక్క కొట్టివేత లేదు, ఒక్క మరక లేదు." మిగతా ఆడవాళ్ల కాగితాలు వానకి తడిసి, జిగురంటి, మందునీళ్లకి పసుపెక్కి ఉన్నాయి. వాళ్లు నవ్వుతూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఆగేదాకా ఆమె తన చెప్పులకేసి చూస్తూ కూర్చుంది.

అందుకే ఇవాళ ఎక్కింది. మొదటి గిన్నెలోనే నీళ్లు కనబడలేదు. బియ్యపు గింజంత పురుగులు, కిందివి కుళ్లి, పైవి ఇంకా మెరుస్తూ. తొమ్మిదో బోను దగ్గర లెక్కపెట్టడం మానేసి, పక్కనున్న చెట్టు మొదట్లో పురుగు తొలిస్తే గోధుమ పిండిలా రాలిన పొట్టుని చేత్తో తాకి చూసింది. మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టింది.

కింద సూపర్‌వైజరు ఆమె పురుగులు పోసి తెచ్చిన సీసా చూసి, ముందు మూత బిగించాడు.

"ఇంకొక్క వారమే సీజను. దీన్నీ సున్నా చెయ్యక్కా. నీ సున్నాలు చూసే కదా పై కొండ కలపకి పర్మిషనిచ్చింది? పద్దెనిమిది లారీలు ఊళ్లు దాటిపోయాయి. ఇప్పుడు పురుగుందంటే సంతకం ఎవరిదని అడుగుతారు. నాది కాదుగా!" అని ఒక తెల్ల కాగితం చేతిలో పెట్టాడు.

ఆ లారీలకి కలప ఎత్తింది ఆమె మొగుడే.

రాత్రి అన్నాల దగ్గర అతను జాలి సంగతి విని నవ్వాడు. "మా ఆవిడ టీలో బలం ఎక్కడిదా అనుకున్నాను!"

ఆమె నవ్వలేదు. సంచిలోంచి సీసా తీసి కంచాల మధ్య పెట్టింది.

"అన్నం దగ్గర ఏమిటే ఇది?" అంది అత్తగారు.

"పై కొండవి. మూడు వారాలు నేను కొండెక్కలేదు. డిపోలో బెరడు ఒలిచాను. ఎక్కానని సంతకం పెట్టాను." మంచినీళ్లు తాగింది. "రేపు మేడమ్ దగ్గరికి వెళ్లి చెప్పేస్తాను. ఇవాళ్టి కాగితమే ఇస్తాను. తెల్లది ఇవ్వను."

అతని చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. "డిపో మూసేస్తారు. తెలుసా నీకు? నీ పని సరే, నా పని? రేపు నలుగురిలో నేనెలా తలెత్తుకోవాలి?"

"నేను తలెత్తుకుని మూడు వారాలైందండీ."

"ఎందుకే? అంత అవసరం ఏమొచ్చిందని?"

 ఆమె కళ్లు ఒక్కసారి అత్తగారి కొత్త కళ్లద్దాల మీదికి వెళ్లి, చటుక్కున కంచంలోకి దిగిపోయాయి.

అత్తగారు చాలాసేపు సీసాలోకి చూసింది. పురుగుల కాళ్లు కూడా స్పష్టంగా కనబడుతున్నాయి. ఎడమచేత్తో కళ్లద్దాలు తీసింది. కింద పెట్టలేదు, మళ్లీ పెట్టుకోనూ లేదు. వాటిని అలా పట్టుకునే, మసక కళ్లతో కోడలు కూర్చున్న వైపుకి తిరిగింది.