తువ్వాలు కింద వేళ్ళు

జీవానందం మూడో కంప్యూటరు తుడుస్తూ ఉండగా కింద టీ కొట్టు షట్టరు పైకి లేచింది. ఆ చప్పుడుకి ఓసారి గోడ గడియారం వైపు చూసి మళ్ళీ పనిలో పడ్డాడు. పాత బనియను గుడ్డతో ముందు తెర, తర్వాత మౌసు, చివరికి కీబోర్డు. ఈ వరుస ఎప్పుడూ తప్పేవాడు కాదు. కీబోర్డును బోర్లించి వీపు మీద తట్టినట్టు తడితే, నిన్న సాయంత్రం బ్యాచి పిల్లలు తిన్న మరమరాలు నాలుగు రాలాయి.

"ఇక్కడ తినొద్దర్రా అంటే వినరు" అని ఖాళీ గదిని కసురుకున్నాడు.

సన్నటి మనిషి. పొట్టి చేతుల తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు, భుజం మీద నీలం అంచు తువ్వాలు. వేళ్ళ కొసలు చదునుగా ఉంటాయి. గుడివాడ బస్టాండు ఎదురుగా ఉన్న ఈ మేడ మెట్లెక్కడం ఈ మధ్య కష్టమవుతోంది. పై మెట్టు మీద ఆగి, ఎవరైనా చూస్తున్నారనిపిస్తే చెప్పులు విడవడానికన్నట్టు వంగి, ఊపిరి సర్దుకున్నాకే లేస్తాడు. ఆయన చెప్పులు విడవడానికి అంతసేపు ఎందుకు పడుతుందో ఎవరూ అడగలేదు.

ఆయన ఇక్కడికి వచ్చినప్పుడు ఇది టైపు ఇన్‌స్టిట్యూటు. ముదినేపల్లి దగ్గర పల్లెలో, వరికోతలకు వెళ్ళే తల్లికి పుట్టినవాడు. చర్చిలో పాస్టరు గారు చెప్పిన ఒక్క మాటతో ఇక్కడ టైపు నేర్చుకున్నాడు, నేర్చిన చోటే చెప్పడానికి నిలిచిపోయాడు. తర్వాత మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చాయి. నల్లటి తెర మీద పచ్చటి అక్షరాలు పోయి బొమ్మలు వచ్చాయి. లెక్కలు రాసే ప్రోగ్రాములు రెండేళ్ళకోటి మారాయి, పన్నులు మారాయి, చివరికి అన్నీ ఇంటర్నెట్లోకి వెళ్ళి కూర్చున్నాయి. వచ్చిన ప్రతిదాన్నీ జీవానందం పొద్దున నేర్చుకుని సాయంత్రం చెప్పాడు. పిల్లలకంటే ఒక్క పాఠం ముందుండటమే ఆయన జీవితమంతా చేసిన పని. ఆ ఒక్క పాఠం ఎక్కడ చేజారుతుందోనన్న బెంగ మాత్రం ఏనాడూ వదల్లేదు.

మారనిది ఒకటే. అక్షరాల గడులు ఉన్న చోటే ఉన్నాయి. అందుకే ఎవరొచ్చి చేరినా ముందు కీబోర్డు మీద, వాళ్ళ చేతుల మీద, తన తువ్వాలు కప్పేవాడు. కళ్ళు కాగితం మీద ఉండాలి, తువ్వాలు కింద వేళ్ళు వాటి దారిన అవి వెళ్ళాలి. కొత్తవాళ్ళు నవ్వేవాళ్ళు. నెల తిరిగేసరికి నవ్వు ఆగిపోయేది.

ఇవాళ ఆయనకే పరీక్ష. సర్టిఫికెట్లిచ్చే హైదరాబాదు కంపెనీ, పాఠం చెప్పేవాళ్ళంతా కొత్త పరీక్ష పాసవ్వాలంది. మొదటిసారి టైము చూసుకోక జీవానందం పరీక్ష తప్పాడు. ఇంకొక్క అవకాశమే ఉంది. ఇన్‌స్టిట్యూటు యజమాని గోవర్ధనరావు చెడ్డవాడేం కాదు. కుర్చీలో ఇటూ అటూ కదిలి, పోయిన వారం చెప్పాడు.

"ఈసారీ పోతే క్లాసు మీకివ్వలేనండీ జీవానందం గారూ. కంపెనీ ఒప్పుకోదు. కింద కౌంటర్లో కూర్చుని అడ్మిషన్లు చూసుకుందురుగాని. జీతం తగ్గించన్లెండి."

జీతం తగ్గదన్న మాటే ఎక్కువ గుచ్చుకుంది. క్లాసు లేని జీతం తీసుకుని ఏం చేసుకోవాలో ఆయనకు తెలియలేదు.

జెనిఫర్ వచ్చింది. పదేళ్ళ కిందట ఈ తువ్వాలు కిందే నేర్చుకున్న పిల్ల, ఇప్పుడు ఇక్కడే చెబుతోంది. పరీక్ష మొదటిసారికే పాసయింది. ఆ సంగతి ఆయన ముందు ఎత్తకుండా ఉండటానికి చాలా అవస్థ పడుతోంది.

"టిఫిన్ చేశారా సార్?"

"చేశానమ్మా. మీ ఆంటీ ఊరుకుంటుందా? ప్రార్థన చేసుకుని మొదలుపెట్టమని బస్సెక్కేదాకా చెబుతూనే ఉంది."

గోవర్ధనరావు తన గది ఖాళీ చేసి ఇచ్చాడు. పరీక్ష రాసే గదిలో ఇంకెవరూ ఉండకూడదు, బల్ల మీద కాగితం ముక్క ఉండకూడదు, కంప్యూటరు నెత్తిన ఉన్న కెమెరా చూస్తూనే ఉంటుంది. జీవానందం ఫోను, పెన్నులు, తువ్వాలు జెనిఫర్ చేతిలో పెట్టాడు. భుజం తేలికై కొత్తగా అనిపించింది. తలుపు మూసుకుని కూర్చుని, రెండు చేతులూ కీబోర్డు మీద పెట్టి కళ్ళు మూసుకున్నాడు.

మనసులో అడిగి ఊరుకోవడం ఆయనకు రాదు. దేవుడిని నోరు తెరిచి అడగాలని, లేకపోతే అది బద్ధకమని వాళ్ళమ్మ చిన్నప్పుడే నేర్పింది. పెదాలు మెల్లగా కదిలాయి.

"ప్రభువా, నా చెయ్యి పట్టుకో."

కళ్ళు తెరిచేసరికి తెర పైన ఎర్రటి ఇంగ్లీషు వాక్యం ఉంది. మీరు మరొకరితో మాట్లాడుతున్నట్టు గుర్తించాం, ఇది మొదటి హెచ్చరిక, మూడోదానికి పరీక్ష రద్దు అని దాని సారాంశం. జీవానందం ఉలిక్కిపడి వెనక్కి చూశాడు. ఎవరూ లేరు. బయట రోడ్డు మీద ఆటోలో మైకు పెట్టి చీరల తగ్గింపు గురించి అరుస్తున్నారు. ఓహో, ఇదా అనుకుని, కుర్చీలోంచి లేవకుండానే చెయ్యి చాచి కిటికీ రెక్క మూశాడు.

మొదటి భాగం బాగానే సాగింది. లెక్కలు ఎక్కడ దాచాలి, ఎవరికి ఎంత చూడనివ్వాలి, దొంగ మెయిలును ఎలా పట్టాలి అని అడిగారు. ఈ నెలంతా బస్సులో చదువుకున్నవే వస్తున్నాయి. రెండో భాగం మొదలుపెట్టే ముందు, ఏ పరీక్షలోనైనా ప్రతి పేపరుకూ చేసినట్టే, మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. రెండో హెచ్చరిక వచ్చింది.

ఈసారి భయమేసింది. ఏం తప్పు చేస్తున్నాడో అర్థం కావడం లేదు. తల పైన ఫ్యాను కిర్రుమంటోంది. అదే అయ్యుంటుందని ఫ్యాను ఆపాడు. గాలి ఆడని గదిలో చొక్కా వీపుకి అంటుకుపోయింది. కళ్ళజోడు జారుతుంటే ఎగదోసుకుంటూ, చెమట తుడుచుకుందామని భుజం మీదికి చెయ్యి పోనిచ్చి, తువ్వాలు లేదని గుర్తొచ్చి చొక్కా చేతికి తుడుచుకున్నాడు. రెండో భాగమూ అయిపోయింది.

మూడోది, ఆఖరిది, పద్దులూ పన్నులూ. ఆయన ఇరవై ఏళ్ళుగా చెబుతున్నదే. మొదటి ప్రశ్న చూడగానే గుండె నిమ్మళించింది. గట్టెక్కేశానని తెలిసిపోయింది. అడగడానికి ఇక ఏమీ లేదు. ఆ సంతోషంలో కళ్ళు వాటంతటవే మూతపడ్డాయి.

"స్తోత్రం ప్రభువా."

తెర తెల్లబడింది. పరీక్ష రద్దయింది.

జీవానందం తలుపు తీసి జెనిఫర్‌ని పిలిచాడు. గొంతు మామూలుగానే ఉంది. ఆ అమ్మాయి వచ్చి కారణం చూపే మీట నొక్కితే, కెమెరా పట్టుకున్న మూడు చిన్న వీడియో ముక్కలు వచ్చాయి. మూడింట్లోనూ ఆయనే, కళ్ళు మూసుకుని, పెదాలు కదుపుతూ. తన ఇంట్లోనూ ఆ పెదాల కదలిక రోజూ చూసేదే కాబట్టి జెనిఫర్‌కి వెంటనే తెలిసిపోయింది. నవ్వొచ్చింది, నవ్వు పూర్తికాకుండానే కళ్ళు నిండాయి.

"సార్, ప్రార్థన చేసుకున్నారా?"

"మొదలుపెట్టేముందు చేసుకోనామ్మా?"

"మీరు ఎవరితోనో మాట్లాడుతున్నారనుకుందండీ అది."

జీవానందం కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు.

"మాట్లాడాను గదమ్మా. దాన్నేం తప్పుపడతాం?"

జెనిఫర్ అక్కడికక్కడే కంపెనీకి మెయిలు రాసింది. గోవర్ధనరావు వచ్చి విని, తల పట్టుకుని, తనూ ఫోను చేస్తానన్నాడు. కానీ వాళ్ళు వింటారన్న నమ్మకం అతని ముఖంలో లేదు. రేపటి నుంచి క్లాసు జెనిఫర్ చూసుకుంటుందని కూడా చెప్పాడు. అలాగేనండీ అన్నాడు జీవానందం. మధ్యాహ్నం క్యారేజీ విప్పి సగం తిని మూత పెట్టేశాడు.

రెండు గంటలకి కనకదుర్గ వచ్చింది. బందరులో వలలు, తాళ్ళు అమ్మే కొట్టు ఆవిడది. నలభై దాటిన మనిషి, వారానికి మూడు రోజులు రైల్లో వచ్చి నేర్చుకుంటోంది. నాగాయలంకకి, కోడూరుకి సరుకు పంపాలంటే బిల్లు ఆన్‌లైన్లో తియ్యాలి. కీబోర్డు చూస్తూ కొడుతుంటే కాగితంలో వరుస తప్పుతోంది. ఒకసారి బండి నంబరులో అంకె మారి, సరుకు బండి దారిలోనే ఆగిపోయింది. వేట సమయానికి వలలు అందక ఊరంతా ఆవిణ్ణి తిట్టుకుంది. అప్పట్నుంచీ ఏ మీటా రెండుసార్లు చూసుకోకుండా నొక్కదు.

జీవానందం తువ్వాలు దులిపి ఆవిడ చేతుల మీద కప్పాడు. ఇది తన ఆఖరి క్లాసని ఆయనకు తెలుసు, ఆవిడకు తెలియదు.

"ఇదేంటోనండీ సార్, చీకట్లో అన్నం తిన్నట్టుంది" అంది కనకదుర్గ.

"చీకట్లో తిన్నా ముద్ద ముక్కులోకి పోదు గదమ్మా. చెయ్యికి తెలుసు. మీరు కాగితం చూడండి."

ఆవిడ కాగితం చూసింది. తువ్వాలు అక్కడక్కడా లేచి పడింది. మధ్యలో ఓసారి అంచు ఎత్తి తొంగిచూడబోతే, జీవానందం ఆ అంచు మీద వేలు పెట్టి నొక్కిపట్టాడు. బిల్లు చివరికంటా వచ్చింది. ఇద్దరూ కలిసి తెర మీద ఒక్కో అక్షరం సరిచూసుకున్నారు. బండి నంబరు సరిగ్గా ఉంది. ఆవిడ చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, వాటినే కొత్తగా చూసుకుంది.

"వచ్చేసిందండీ!"

"వచ్చింది. మళ్ళీ వచ్చినప్పుడు రెండు బిల్లులు కొట్టాలి. రేపట్నించి జెనిఫర్ మేడం చెబుతారు."

"మరి మీరో?"

"నేనెక్కడికి పోతానమ్మా, కింద కౌంటర్లోనే ఉంటాను."

నవ్వబోయాడు కానీ నవ్వు రాలేదు. లేచి తువ్వాలు భుజాన వేసుకోబోయి, మళ్ళీ మడత విప్పి ఆవిడ కీబోర్డు మీదే పరిచాడు.

"ఇది ఇక్కడే ఉంచండి. ఇంకొన్నాళ్ళు అవసరముంటుంది మీకు."

సాయంత్రం బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. భార్య కృపాకుమారి ఫోను చేసింది.

"అయ్యిందా అండీ?"

"అయిపోయింది."

"ప్రార్థన చేసుకున్నారా?"

"చేసుకున్నాను."

"అయితే ఇంకేం, దిగులెందుకు? త్వరగా వచ్చెయ్యండి, చేపల పులుసు పెట్టాను."

సంగతి ఇంటికెళ్ళి చెబుదామనుకున్నాడు. అది కూడా ఎలా చెప్పాలా అని ఆలోచించాడు. ప్రార్థన వల్ల పోయిందంటే ఆవిడ జీవితాంతం బాధపడుతుంది. కెమెరా పాడైందని చెబితే సరిపోతుందేమో. ఆవిడతో అబద్ధమాడటం అలవాటు లేక, ఆ మాటను లోపల రెండు మూడు సార్లు సరిచూసుకున్నాడు. బయట చేపల చెరువుల్లో గాలి చక్రాలు నీళ్ళు చిమ్ముతున్నాయి. మోకాలి మీద ఆయన వేళ్ళు ఎప్పటిలా ఏవో అక్షరాలు కొడుతున్నాయి. కొంత దూరం పోయాక అవి ఆగిపోయాయి.

ముదినేపల్లిలో కండక్టరు వెనక్కి తిరిగి, "సార్, దిగండి" అన్నాడు. రోజూ ఎక్కే మనిషి కదా, కునుకు పట్టిందనుకుని దగ్గరికొచ్చి భుజం తట్టాడు. జీవానందం తల కిటికీ వైపు వాలిపోయింది. పెదాలు కొద్దిగా విడివడి ఉన్నాయి.

ఆయన పోయాక ఇన్‌స్టిట్యూటు మూడు రోజులు మూసి, నాలుగో రోజు తెరిచారు. కంపెనీ నుంచి జవాబేమీ రాలేదు. కనకదుర్గ రెండు గంటలకి వచ్చి తన చోట కూర్చుంది. జెనిఫర్ పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది కానీ పాఠం మొదలుపెట్టలేకపోయింది. కళ్ళు మూసుకుంది, పెదాలు కదిలాయి. కనకదుర్గ అమ్మవారికి మొక్కే మనిషి, అయినా ఆ అమ్మాయి కళ్ళు తెరిచేదాకా చేతులు ఒళ్ళో పెట్టుకుని కదలకుండా ఉంది. ఆ తర్వాత తనే తువ్వాలు తీసి తన చేతుల మీద కప్పుకుంది.

రెండు బిల్లులు కొట్టింది. రెండూ తప్పు లేకుండా వచ్చాయి. రైలు టైమవుతోందని లేచి, తువ్వాలు కిందనుంచి చేతులు మెల్లగా లాక్కుంది. ఆవిడ మెట్లు దిగి వెళ్ళిపోయాక కూడా ఆ నీలం అంచు తువ్వాలు కీబోర్డు మీద అలాగే ఉంది, రెండు చేతులున్న చోట కాస్త ఉబ్బెత్తుగా.