కుళాయి దేశపు వోడ్కా

మావగారు ఒక పెద్ద హోటల్లో బారు మాస్టరు. జీవితమంతా దేశదేశాలవాళ్లకు గ్లాసులు నింపి అందించాడే గానీ, తను మాత్రం ఒక్క చుక్క నోట్లో వేసుకోలేదు. "తాగితే చెయ్యి కొలత తప్పుతుంది. రిటైరైన రోజున చూద్దాం లే" అనేవాడు. విమానం ఎక్కబోయే అతిథులు ఒకటి రెండు గుక్కలు తాగి మిగిల్చిన సీసాలు ఆయన చేతిలో పెట్టి పోయేవారు. వాటిలో వోడ్కాలన్నీ ఇంటి బీరువాలో, ఇస్త్రీ బట్టల పక్కన, బడిపిల్లల్లా బుద్ధిగా నిలబడి ఉండేవి.

సాయంత్రాలు అల్లుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని మురిపెంగా చూపించేవాడు.

"ఇది పోలెండువాళ్లు బంగాళదుంపతో చేసింది అల్లుడూ. నాలుక మీద వెన్నలా జారుతుందట. ఇది రష్యా గోధుమది, చివర్లో కాస్త తీపి తగులుతుందట. రై అని చలిదేశాల ధాన్యం, దాని గింజలదైతే మిరియం కొరికినట్టేనట. ఫ్రాన్సువాళ్లది ద్రాక్ష, పూలవాసన. ఈ గడ్డిపరక వేసింది చూశావూ, ఎండుగడ్డి పరిమళమట!"

అన్నింటి చివరా ఆ 'అట' ఒకటి. పాపం, ఆయనకున్నదల్లా అదే.

అల్లుడు పనిచేసే ఫ్యాక్టరీ మూతపడి భార్యతో సహా అత్తారింట్లో చేరాడు. మధ్యాహ్నం ఇల్లంతా కునుకు తీసే వేళ దిగులు మీదపడేది. మొదట ఒక మూతెడు. తర్వాత అరగ్లాసు. మందు మింగినట్టు ముక్కు మూసుకుని గొంతులో ఒంపుకోవడం, తగ్గినంత మేర కుళాయి నీళ్లు పోయడం. చూడ్డానికి నీళ్లలాంటి సరుకే కదా, ఎవరు పోల్చుకుంటారులే అని ధీమా.

మావగారు రిటైరైన మర్నాడు హోటల్ వంటమాస్టరునూ ఇంకో ఇద్దరు పాత స్నేహితులనూ భోజనానికి పిలిచాడు. పొద్దున్నే సీసాలన్నీ స్వయంగా ఫ్రీజర్లో పెట్టాడు.

"అయ్యో, గడ్డకట్టవూ?" అంది అత్తగారు.

"పిచ్చిదానా, వోడ్కా గడ్డకట్టదు. తేనెలా చిక్కబడుతుంది. అదే దాని అందం!"

ఆ మాట విన్న అల్లుడికి తను పోసిన నీళ్లు గుర్తొచ్చాయి. ఏదో వంకతో వంటింట్లోకి వెళ్లాడు. అత్తగారు ఫ్రిజ్ పక్కనే కూర్చుని ఉల్లిపాయలు తరుగుతోంది.

"ఏం బాబూ, నీళ్లు కావాలా?"

ఆ మాటకు అతని చెవులు కాలిపోయాయి. ఇంకోసారి వెళ్లాడు. ఆవిడ కదల్లేదు.

అతిథులొచ్చారు. మావగారు కొత్త చొక్కా తొడుక్కుని, ఏనాడూ తనకోసం పెట్టుకోని గ్లాసు ముందు పెట్టుకుని, సీసా వంచాడు. ఏమీ రాలేదు. లోపల తెల్లటి మంచుగడ్డ. ఇంకోటి వంచాడు, అదీ అంతే. గడ్డిపరక మంచులో బిగుసుకుపోయి నిలబడి ఉంది.

వంటమాస్టరు పడీపడీ నవ్వాడు. "ఇది ఏ దేశానిదయ్యా మాస్టారూ? కుళాయి దేశానిదా?"

నవ్వుతూనే ఎందుకో అల్లుడి వంక చూసి, నవ్వు మింగేశాడు. అల్లుడి భార్య తలెత్తలేదు. అల్లుడికి నేల రెండుగా చీలితే బాగుండుననిపించింది.

"పాత సీసాలు కదా, సత్తువ చచ్చిపోయుంటుంది" అన్నాడు మావగారు నెమ్మదిగా. "ఏమేవ్, నిమ్మరసం కలుపు."

అందరూ వెళ్లాక ఆయన గ్లాసులు కడుగుతుంటే, అల్లుడు తుడిచే గుడ్డ పట్టుకుని పక్కన నిలబడ్డాడు.

"మావయ్యగారూ... నేనే..."

"తెలుసులే." ఆయన గొంతులో కోపం లేదు. అదే మరీ చంపేసింది. "పోయిందేదో పోయింది. నా నోటికి రాకపోయినా నీ నోటికొచ్చింది కదా. బంగాళదుంపది ఎలా ఉంది? చెప్పు."

"వెన్నలా... నాలుక మీద జారుతూ..."

"అది నేను చెప్పిందే కదయ్యా. నువ్వు తాగింది చెప్పు."

అతను నోరు తెరిచాడు. ముక్కు మూసుకుని మింగిన మధ్యాహ్నాలన్నీ వెతుక్కున్నాడు. గొంతు మంట తప్ప ఏమీ దొరకలేదు.

మావగారు తడి గ్లాసు అతని చేతిలో పెట్టి, గుమ్మం దాటి లోపలికి వెళ్లిపోయాడు. సింకు గట్టు మీద సీసాలో మంచు కరిగి, గడ్డిపరక మెల్లగా అడుక్కు జారింది.